పండగ వెళ్లాక చేరిన పూతరేకులు: 19 పార్సెళ్ల ఆలస్యం మీద ఒక కేస్ స్టడీ

2024 నవంబరు 1, దీపావళి మర్నాడు. పొద్దున ఏడింటికి ఫోన్. "తమ్ముడూ, ఒక్కసారి వచ్చి చూడయ్యా. నిన్న పండగ రోజంతా తిట్లు తింటూ కూర్చున్నాను" అంది అక్క. వెనకాల ఆవిడ రెండో ఫోన్ ఆగకుండా మోగుతోంది.

అక్కది ఆత్రేయపురం దగ్గర ఒక పల్లె. పేరూ, ఊరూ రాయనని మాటిచ్చాను. ఇంటి వెనక షెడ్డులో ఆరుగురు ఆడవాళ్లతో పూతరేకులు చుట్టిస్తుంది. సున్నుండలు, జంతికలు, ఆవకాయ కూడా అమ్ముతుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చాక బయటూళ్ల ఆర్డర్లు పెరిగాయంటుంది. ఆర్డర్ వాట్సాప్‌లో, డబ్బు యూపీఐలో, సరుకు కొరియర్‌లో. కొరియర్ కూడా నేరుగా బుక్ చేయరు. నాలుగైదు కంపెనీల రేట్లు ఒకేచోట చూపించే ఆన్‌లైన్ ప్లాట్‌ఫాం ఒకటి వాడతారు. ఆ పనంతా డిగ్రీ చదివే వాళ్లబ్బాయిది.

నేను పదకొండేళ్లు ఒక కొరియర్ కంపెనీ హబ్‌లో, అంటే పార్సెళ్లను ఊళ్లవారీగా విడగొట్టే చోట పనిచేశాను, చివరి ఐదేళ్లు షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. ఇప్పుడు ఇలాంటి చిన్న వ్యాపారాలకు డిస్పాచ్ పని చక్కబెడుతుంటాను. హబ్‌లో ఉన్నన్నాళ్లూ ఆలస్యానికి సాకులు చెప్పడం నా ఉద్యోగంలో భాగం. కాబట్టి ఆ సాకుల్లో ఏది నిజమో, ఏది కాదో కాస్త పసిగట్టగలను.

దీపావళికని అక్క అక్టోబరు 21 నుంచి 28 మధ్య 54 పార్సెళ్లు పంపింది. వాటిలో 19 పండగలోపు చేరలేదు, అందులో కొన్ని అసలెప్పటికీ చేరలేదు. కూకట్‌పల్లి నుంచి ఒకావిడ పెట్టిన మెసేజ్ చూపించింది: "మా అత్తగారింటికి పట్టుకెళ్దామని పది రోజుల ముందు చెప్పాం. ఖాళీ చేతులతో వెళ్లాం. మీకు దండం." తిట్టిన వాళ్లకంటే ఈ దండమే అక్కని ఎక్కువ బాధపెట్టింది.

కారణం గురించి ఆ ఇంట్లో రెండు అభిప్రాయాలు. "సెప్టెంబరు వరదల దగ్గర్నుంచీ కొరియర్లన్నీ ఇలాగే ఏడుస్తున్నాయి" అని అక్క. "కంపెనీ మార్చేద్దాం" అని అబ్బాయి. రెండూ పక్కన పెట్టమన్నాను. ఏ పార్సెల్ ఎక్కడ ఆగిందో తెలియకుండా కంపెనీ మారిస్తే ఆ జబ్బు కొత్త కంపెనీకీ అంటుకుంటుంది, అంతే.

పంతొమ్మిది పార్సెళ్లనూ ఒక షీట్‌లో రాయించాను. ఒక్కోదానికి ఐదు తేదీలు: లేబుల్ కొట్టింది ఎప్పుడు, మొదటి స్కాన్ ఎప్పుడు, కస్టమర్ ఊరి హబ్‌కి చేరింది ఎప్పుడు, డెలివరీ బాయ్ చేతికి మొదటిసారి వెళ్లింది ఎప్పుడు, కస్టమర్ చేతికి అందింది ఎప్పుడు. ట్రాకింగ్ పేజీలో ఇంకా చాలా లైన్లు ఉంటాయి. "ఫెసిలిటీ నుంచి బయలుదేరింది", "ఫెసిలిటీకి చేరింది" అని చదివి జనం టెన్షన్ పడుతుంటారు గానీ, ఆలస్యం దొరికేది ఆ లైన్లలో కాదు, రెండు లైన్ల మధ్య ఖాళీలో. ఎక్కువ గంటలు ఏ రెండు తేదీల మధ్య మాయమయ్యాయో చూస్తే చాలు.

షీట్ పూర్తయ్యేసరికి మధ్యాహ్నం రెండయింది. అక్క అన్నం పెట్టింది. తింటూనే తెలిసిపోయింది, పంతొమ్మిదింట్లో ఎనిమిది ఆ ఇంటి గడప దాటకముందే ఆలస్యమయ్యాయి.

శనివారం సాయంత్రం లేబుల్

ఆ ఎనిమిదింటికీ లేబుల్ కొట్టింది అక్టోబరు 26, శనివారం సాయంత్రం ఆరు దాటాక. పికప్ బాయ్ రోజూ మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో వస్తాడు, నాలుగింటికి కటాఫ్, అంటే ఆ రోజు పికప్‌కి ఆఖరి టైమ్. ఆదివారం రాడు. సోమవారం మధ్యాహ్నం వచ్చి సంచిలో వేసుకుని వెళ్లాడు. రావులపాలెంలో రాత్రి తొమ్మిదికి మొదటి స్కాన్ పడింది. అక్కడి నుంచి విజయవాడ హబ్, 30వ తేదీకి హైదరాబాద్. పండగ ముందు రోజు హైదరాబాద్ హబ్‌లో దిగిన పార్సెల్ మర్నాడే ఇంటికి చేరుతుందనుకోవడం అత్యాశ.

చిక్కు ఏమిటంటే, లేబుల్ కొట్టగానే ట్రాకింగ్ నంబర్ పుడుతుంది. అబ్బాయి ఆ నంబర్‌ని శనివారం రాత్రే కస్టమర్లకు పంపి "పంపేశామండి" అని రాశాడు. పెట్టెలు మాత్రం వసారాలో బల్ల మీదే ఉన్నాయి. కస్టమర్ 26 నుంచి లెక్కపెట్టుకుంటాడు. కొరియర్ కంపెనీ మొదటి స్కాన్ పడ్డ 28 నుంచి లెక్కపెడుతుంది. మధ్యలో రెండు రోజులకు లెక్క చెప్పేవాళ్లు లేరు. కంపెనీకి ఫిర్యాదు చేస్తే "మా గడువులోనే ఇచ్చాం" అంటారు, కాగితం మీద వాళ్లదే న్యాయం.

అక్కకి కోపం వచ్చింది. "రేకులు ముందే చుట్టి పెట్టమంటావా? మెత్తబడిపోవూ?" అంది. ఆ మాట సబబే. పూతరేకు సంగతి నాకంటే ఆవిడకి బాగా తెలుసు. అందుకే తయారీ జోలికి వెళ్లలేదు. మార్చింది రెండే. ఒకటి, లేబుల్ కొట్టినప్పుడు "ప్యాకింగ్ అయింది, సోమవారం బయలుదేరుతుంది" అని, మొదటి స్కాన్ పడ్డాకే "బయలుదేరింది" అని రాయాలి. రెండోది, ఇంటి దగ్గరే స్కాన్ చేసి తీసుకెళ్లమని పికప్ బాయ్‌ని అడగాలి. వాడికి కుదరకపోతే నంబర్ల జాబితా మీద సంతకం, టైమ్ వేయించుకోవాలి. గోనెసంచిలో వేసుకెళ్లిన పెట్టెకి స్కాన్ పడేదాకా అది ఎవరి బాధ్యతో తేలదు. మధ్యలో పోతే "మాకు ఇవ్వనే లేదు" అనేస్తారు. నా హబ్ రోజుల్లో ఆ మాట నేనే అన్న సందర్భాలున్నాయి.

ఏ రామచంద్రాపురం?

మూడు పార్సెళ్లు పిన్ కోడ్ వల్ల తిరిగాయి. అందులో ఒకటి మాత్రం నేను జీవితంలో మర్చిపోను.

కస్టమర్ వాట్సాప్‌లో ఫ్లాట్ నంబర్, "ఎంఐజీ, బీహెచ్‌ఈఎల్, రామచంద్రాపురం" అని పెట్టాడు. పిన్ కోడ్ రాయలేదు. అక్కవాళ్లబ్బాయి కోనసీమ పిల్లాడు. రామచంద్రాపురం అనగానే వాడికి తెలిసింది ఒక్కటే, గోదావరి దాటితే వచ్చేది. 533255 అని కొట్టేశాడు. కస్టమర్ ఉండేదేమో హైదరాబాద్ పక్కన బీహెచ్‌ఈఎల్ దగ్గరి రామచంద్రాపురంలో, పిన్ 502032. పెట్టె రావులపాలెం దాకా వెళ్లి, అటు హైదరాబాద్ వైపు పోకుండా మన జిల్లాలోనే తిరిగింది. ఇక్కడి డెలివరీ బాయ్ పాపం రెండు రోజులు రామచంద్రాపురంలో ఎంఐజీ కాలనీ ఎక్కడని అడుగుతూ తిరిగాడు. మూడో రోజు "అడ్రస్ దొరకలేదు" అని నొక్కేశాడు. ట్రాకింగ్‌లో "రామచంద్రాపురం చేరింది" అని చూసి కస్టమర్ మాత్రం బాల్కనీలో ఎదురుచూస్తున్నాడు.

ఇలాంటివి జరగడానికి కారణం చాలామందికి తెలియదు. హబ్‌లో బెల్ట్ మీద వచ్చే పెట్టె అడ్రస్ ఎవరూ చదవరు. మిషనైనా, మనిషైనా చూసేది ఆరంకెలే. 1972 ఆగస్టు 15న మొదలైన పిన్ కోడ్‌లో మొదటి అంకె ప్రాంతం. 5 అంటే మన రెండు తెలుగు రాష్ట్రాలు, కర్ణాటక. మొదటి మూడూ కలిపితే సార్టింగ్ జిల్లా. చివరి మూడు డెలివరీ చేసే పోస్టాఫీసు. ప్రైవేటు కొరియర్లు కూడా తమ రూట్లను ఈ నంబర్ల మీదే కట్టుకున్నాయి. పిన్ కోడ్‌కీ, అడ్రస్‌కీ తగువు వస్తే ప్రతిసారీ గెలిచేది పిన్ కోడే. ఫ్లాట్ నంబర్, వీధి, లిఫ్ట్ పక్కన తులసికోట దాకా రాసినా, 533 అని ఉంటే పెట్టె 533కే పోతుంది.

రెండో పార్సెల్ కేపీహెచ్‌బీ కాలనీది. అక్కడ కొందరు 500072 అని రాస్తారు, కొందరు 500085 అని. ఒక డెలివరీ సెంటర్ నుంచి ఇంకో సెంటర్‌కి మారడానికి పండగ రద్దీలో రోజున్నర పట్టింది. మూడోది, కస్టమర్ ఎప్పుడో మారిపోయిన పాత ఆఫీసు పిన్‌ని ఫోన్‌లో సేవ్ అయి ఉందని అలాగే పంపింది. మన రెండు రాష్ట్రాల్లో ఒకే పేరున్న ఊళ్లు లెక్కలేనన్ని. నర్సాపూర్ మెదక్ వైపూ ఉంది, నరసాపురం పశ్చిమ గోదావరిలోనూ ఉంది. కొత్తపేటలైతే అడగనే అక్కర్లేదు.

ఇప్పుడు అక్క దగ్గర నియమం ఒకటే. పిన్ కోడ్ కస్టమర్ చేత్తోనే టైప్ చేయాలి, మనం ఊహించి రాయకూడదు. రాశాక పిన్‌కి సరిపోయే పోస్టాఫీసు పేరు చూసి, "మీది ఫలానా పోస్టాఫీసు పరిధేనా అండీ?" అని తిరిగి అడగాలి. 2025 మేలో తపాలా శాఖ డిజిపిన్ అని పది అక్షరాల కోడ్ తెచ్చింది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ల ఎన్‌ఆర్‌ఎస్‌సీ (రిమోట్ సెన్సింగ్ కేంద్రం) కలిసి చేశాయి. దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి ఒక కోడ్. నాకు ముచ్చటేసింది గానీ, నేను చూసిన కొరియర్ లేబుళ్ల మీద ఇంకా దానికి చోటు కనిపించలేదు.

"కస్టమర్ అందుబాటులో లేరు"

నాలుగు పార్సెళ్ల మీద ఈ ముక్క ఉంది. నలుగురికీ ఫోన్ చేశాం. ముగ్గురు ఆ రోజు ఇంట్లోనే ఉన్నామన్నారు. ఒకాయన ఒట్టు కూడా వేశాడు.

ఇక్కడ డెలివరీ బాయ్‌ని తిట్టడం తేలిక. నేను తిట్టను. పండగ వారంలో వాడి బండి మీద మామూలు రోజుకి రెట్టింపు సరుకుంటుంది, పార్సెల్‌కి ఇంతని లెక్కగట్టి ఇస్తారు. పెద్ద అపార్ట్‌మెంట్ గేటు దగ్గర యాప్‌లో పర్మిషన్ వచ్చేదాకా నిలబడాలి. ఫోన్ చేస్తే కస్టమర్‌కి తెలియని నంబర్ కనిపిస్తుంది, లోన్ల వాళ్లేమోనని ఎత్తడు. రాత్రి ఎనిమిదికి ఇరవై పెట్టెలు మిగిలితే, వాటిని ఏదో ఒక కారణం కింద మూయాల్సిందే. మూయకపోతే బ్రాంచికి మార్కులు తగ్గుతాయి. తేలికైన కారణం "కస్టమర్ లేరు". సూపర్‌వైజర్‌గా నేను అలాంటివి చూసీ చూడనట్టు వదిలేసిన రాత్రులున్నాయి. అందుకు ఇప్పుడు సిగ్గుపడతాను. ఆ కుర్చీలో మళ్లీ కూర్చోబెడితే వేరేగా చేస్తానని మాత్రం గట్టిగా చెప్పలేను.

అలా మూసిన ప్రతి పార్సెల్ మర్నాడు అమ్మినవాళ్ల లాగిన్‌లో ఒక చోటికి చేరుతుంది. దాన్ని ఎన్‌డీఆర్ అంటారు, డెలివరీ కాలేదన్న రిపోర్టు. అక్కడ "మళ్లీ ప్రయత్నించండి" అని నొక్కొచ్చు, ఇంకో ఫోన్ నంబర్ ఇవ్వొచ్చు, గుర్తు చెప్పొచ్చు, "మా కస్టమర్ ఇంట్లోనే ఉన్నారు, కాల్ రికార్డు చూపించండి" అని అడగనూ వచ్చు. ఈ చివరిది మంచి మందు. కాల్ చేయకుండా మూసిన పార్సెల్ అయితే మర్నాడు పొద్దున మొదటి ట్రిప్‌లోనే బయలుదేరుతుంది. ఏమీ నొక్కకపోతే మామూలుగా మూడు ప్రయత్నాల తర్వాత పెట్టె వెనక్కి మళ్లుతుంది. దాన్నే ఆర్‌టీఓ అంటారు. పోనూ రానూ ఖర్చు అమ్మినవాళ్లదే.

అబ్బాయిని ఆ పేజీ తెరవమన్నాను. "అలాంటిదొకటి ఉందా అండీ?" అన్నాడు. తెరిస్తే నాలుగూ ఐదారు రోజులుగా అక్కడే పడి ఉన్నాయి, ఒక్కదానికీ జవాబు లేదు. మూడింటిని ఆ సాయంత్రమే కదిలించాం. నాలుగోది అప్పటికే వెనక్కి తిరిగింది. నవంబరు 9న ఇంటికొచ్చింది. విప్పి చూస్తే జంతికలు చెక్కుచెదరలేదు. పూతరేకులు మాత్రం పొడి. అక్క ఆ పొడిని పారేయలేదు, పాలల్లో కలిపి పిల్లలకి పెట్టింది.

మిగతా నాలుగు

ఒకటి ఢిల్లీ, ఒకటి పుణె. రెండిటికీ విమాన రేటు కట్టారు. పూతరేకుల పక్కనే ఆవకాయ సీసా పెట్టి, లేబుల్ మీద "స్వీట్స్" అని రాశారు. ఎక్స్‌రేలో నూనె కనపడగానే పక్కన పెట్టి రోడ్డు బండి ఎక్కించారు. విమానం డబ్బులు కట్టి లారీలో పంపినట్టయింది. పచ్చడి వేరు పెట్టె, రోడ్డు రేటు, లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టు. ఇందులో చర్చించేదేం లేదు.

బెంగళూరుది ఒక్కటే అసలైన రోడ్డు ఆలస్యం. బండి దారిలో ఆగింది, ఒక రోజు పోయింది. అందరూ అన్నిటికీ కారణమనుకునే సంగతి పంతొమ్మిదింట్లో ఒక్కదానికే వర్తించింది.

పంతొమ్మిదోది పోయింది. మల్కాజిగిరి వెళ్లాల్సిన పెట్టె. ట్రాకింగ్ చూస్తే విజయవాడ దాటింది, హైదరాబాద్ చేరింది, అక్కడ ఆగిపోయింది. కస్టమర్‌కి అది హైదరాబాద్‌లోనే ఉందనిపిస్తుంది. నాకు అలా అనిపించలేదు. చిన్న పెట్టెలు పెద్ద బ్యాగులో వేసి సీల్ వేస్తారు. ఆ తర్వాత దారిలో స్కాన్ చేసేది బ్యాగ్ సీల్‌నే. బ్యాగ్ కదిలితే దాని జాబితాలో ఉన్న ప్రతి పెట్టే కంప్యూటర్‌లో కదిలిపోతుంది, అసలు పెట్టె బెల్ట్ కింద పడి ఉన్నా సరే. హైదరాబాద్‌లో బ్యాగ్ విప్పాక ఒకటి తక్కువని తేలుతుంది. అందుకే ఫిర్యాదులో "హైదరాబాద్‌లో వెతకండి" అని రాయకుండా "బ్యాగ్ కట్టిన చోట షార్టేజ్ చూడండి" అని రాశాం. అయినా దొరకలేదు. ప్లాట్‌ఫాం వాళ్లు చివరికి పోయినట్టు ఒప్పుకుని ఒప్పందంలో రాసిన మేరకు ఇచ్చారు. సరుకు విలువ కంటే తక్కువే.

ఈ సందర్భంలో అక్క అడిగింది, "స్పీడ్ పోస్ట్ అయితే ఎంతిస్తారు?" అని. దేశం లోపలి స్పీడ్ పోస్ట్ గడువు దాటితే కట్టిన చార్జీ వెనక్కి ఇస్తారు. పోతే లేదా పాడైతే చార్జీకి రెట్టింపు గానీ, వెయ్యి రూపాయలు గానీ, ఏది తక్కువైతే అది. ఇన్సూరెన్స్ వేరుగా చేయించుకోవచ్చు. అంటే ఎక్కడైనా సరే, ఖరీదైన పెట్టెకి ఇన్సూరెన్స్ లేకపోతే నష్టం పంపినవాళ్లదే.

డబ్బు ఎవరిది, మాట ఎవరిది

ఆ రాత్రి అసలు గొడవ మొదలైంది. పంతొమ్మిది మందికీ ఏం చెప్పాలి?

"కొరియర్ వాడు చేసిన దానికి నేనెందుకు కట్టాలి?" అంది అక్క. అడగాల్సిన ప్రశ్నే. కానీ కస్టమర్ డబ్బు ఇచ్చింది అక్కకి. కొరియర్‌తో ఒప్పందం ఉన్నది అక్కకే, కస్టమర్‌కి కాదు. "కొరియర్ ఆఫీసుకి ఫోన్ చేసుకోండి" అని కస్టమర్‌కి చెప్పడమంటే మన ఇంటి గొడవలోకి చుట్టాన్ని తోసినట్టే. ఆన్‌లైన్ అమ్మకాల మీద 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు కూడా, చెప్పిన తేదీ దాటి వచ్చిన సరుకుని వెనక్కి తీసుకోం, డబ్బు ఇవ్వం అనకూడదంటున్నాయి. వరద, తుపాను లాంటి చేతిలో లేని కారణాలు వేరు. పెద్ద ప్లాట్‌ఫాంల మీద కొన్నవాళ్లకైతే ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. తేల్చకపోతే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. ఐదు లక్షల లోపు విలువకి అక్కడ ఫీజు లేదు.

అక్క రాత్రంతా ఆలోచించి పొద్దున ఒక లెక్క చెప్పింది. మనింట్లో ఆలస్యమైన ఎనిమిదింటికీ, పిన్ తప్పిన రామచంద్రాపురం దానికీ పూర్తి డబ్బు వెనక్కి గానీ, కొత్త పెట్టె గానీ, కస్టమర్ ఏది కోరితే అది. మిగతావాళ్లకి సరుకు బాగుంటే ఏమీ లేదు, పాడైతే కొత్తది. నేనైతే ఇంకాస్త పిసినారిగా ఉండేవాణ్ని. ఆవిడ లెక్కే సరైనదని తర్వాత తేలింది.

మెసేజ్ ఎలా ఉండాలనేది నా పని. అబ్బాయి అప్పటిదాకా పంపుతున్నది ఇది: "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము. మీ పార్సెల్ త్వరలో చేరుతుంది." ఇందులో ఒక్క సమాచారం లేదు. "త్వరలో" అన్న మాట ఆ ఫోన్‌లో ఇక కనిపించకూడదన్నాను. మేం పంపింది ఇలా ఉంది: "అండీ, మీ పెట్టె శనివారమే ప్యాక్ చేశాం గానీ సోమవారం దాకా బయలుదేరలేదు. తప్పు మాదే. ఇప్పుడు మూసాపేట సెంటర్‌లో ఉంది. రేపు సాయంత్రంలోపు రాకపోతే నేనే ఫోన్ చేస్తాను. వద్దనుకుంటే చెప్పండి, డబ్బు ఈరోజే వేస్తాను." ఎక్కడుంది, ఎందుకు ఆగింది, మళ్లీ ఎప్పుడు కబురు చెబుతాం. ఈ మూడు ఉంటే చాలు. డబ్బు ఇస్తామన్న తొమ్మిది మందిలో ఇద్దరే వెనక్కి అడిగారు.

ఒక కస్టమర్ మాత్రం అప్పటికే వేరే గోతిలో పడ్డాడు. మా దగ్గర్నుంచి జవాబు రాక, కొరియర్ కస్టమర్ కేర్ నంబర్ ఇంటర్నెట్‌లో వెతికాడు. పైన కనిపించిన నంబర్ నకిలీది. "ఐదు రూపాయలు కడితే ఈరోజే డెలివరీ" అని చెప్పి, లింక్ నొక్కించి, ఇంకో యాప్ వేయించారు. ఖాతాలో డబ్బు పోయింది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాం. డబ్బు దాటించేలోపు చెబితేనే ఆపగలిగే అవకాశం ఉంటుంది, మర్నాటిదాకా ఆగితే కష్టం. అక్క ఆ రోజు నాతో ఒక మాట అంది: "మనం ఫోన్ ఎత్తుంటే ఆయన వెతికేవాడు కాదు కదా." దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. అప్పటి నుంచి ప్రతి కస్టమర్‌కీ వెళ్లే మొదటి మెసేజ్‌లోనే ఉంటుంది: ట్రాకింగ్ ఈ లింక్‌లోనే చూడండి, పార్సెల్ కోసం ఎవరు డబ్బు అడిగినా కట్టకండి, మాకు చేయండి.

సంక్రాంతికి

2025 సంక్రాంతికి అంతా కొత్త పద్ధతి. పండగ 14న. దూరపు ఆర్డర్లు 6వ తేదీ సోమవారంతో మూసేశాం. ఆ తర్వాత అడిగినవాళ్లకి "పండగలోపు చేరదు, కనుమ తర్వాతైతే పంపుతాం" అని ముఖం మీదే చెప్పింది అక్క. కొన్ని ఆర్డర్లు పోయాయి. హైదరాబాద్‌కి ఆఖర్లో వచ్చిన నాలుగింటిని బస్సు కార్గోలో వేశాం. కస్టమరే బస్టాండుకి వెళ్లి తెచ్చుకోవాలి, కానీ ఏ బస్సో, ఎన్నింటికో చెప్పగలం.

ఒక సంగతి మాత్రం నేను ముందే చెప్పాను, అబ్బాయి నమ్మలేదు. సంక్రాంతికి జనం హైదరాబాద్ నుంచి ఇటు వస్తారు, పంతంగి టోల్ ప్లాజా దగ్గర కార్లు బారులు తీరేది ఇటువైపే. "మన పెట్టెలు అటు వెళ్తాయి కదండీ, ఆ వైపు ఖాళీయే కదా" అన్నాడు. రోడ్డు ఖాళీయే, కానీ బండి అదే. హైదరాబాద్‌లో బయలుదేరి ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆరు గంటలు ఆలస్యంగా వచ్చిన లారీయే రాత్రి మన సరుకుతో తిరిగి వెళ్లాలి. అది రాకపోతే మన పెట్టె హబ్‌లోనే నిద్రపోతుంది. 11వ తేదీన సరిగ్గా అదే జరిగింది.

71 పార్సెళ్లలో ఆరు ఆలస్యమయ్యాయి. పిన్ తప్పు ఒక్కటీ లేదు. ఆరింట్లో నాలుగు నా సలహా వల్లే. ఒకే కంపెనీ మీద ఆధారపడొద్దని రెండో కొరియర్‌కి కొన్ని ఇప్పించాను. తెలుగు ఊళ్లకి బాగానే చేరవేశారు గానీ, నాగ్‌పుర్ దాటితే వాళ్లకి సొంత సెంటర్లు లేవు, ఇంకొకరికి అప్పగిస్తారు. ఆ చేతులు మారే చోట రెండేసి రోజులు పోయాయి. ధర చూసి, పేరు చూసి, వాళ్లు చేరే పిన్ కోడ్ల జాబితా చూడకపోవడం నా పొరపాటు. మార్చిలో ఆ కంపెనీని ఉత్తరాదికి మానేశాం.

కొన్ని ఆలస్యాలకు షీట్ పనికిరాదు. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరంలో హైవే మునిగినప్పుడు, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయినప్పుడు ఎవరేం చేయగలరు? 2025 ఆగస్టు 29 నుంచి అమెరికా 800 డాలర్ల లోపు పార్సెళ్ల మీద సుంకం మినహాయింపు ఎత్తేసింది. దానికి ముందే, 25 నుంచి మన తపాలా శాఖ అక్కడికి చాలా రకాల బుకింగ్‌లు ఆపి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. ఆ మధ్యలో డాలస్ నుంచి అడిగిన మేనకోడలికి కూడా అక్క ఆర్డర్ తీసుకోలేదు. "ఇప్పుడు తీసుకుని తర్వాత క్షమించమనే కంటే, ముందే కాదనేస్తే నయం కదమ్మా" అని ఫోన్‌లో చెబుతుంటే విన్నాను.

సంక్రాంతి ఆలస్యాల్లో ఒకటి కూకట్‌పల్లి పార్సెల్. దీపావళికి దండం పెట్టిన ఆవిడదే. ఈసారి అత్తగారి అడ్రస్‌కే నేరుగా పంపమంది. 12వ తేదీ సాయంత్రం బండి రాలేదని తెలియగానే, ఆవిడ అడగకముందే అక్క మెసేజ్ పెట్టింది: లారీ ట్రాఫిక్‌లో ఆగింది, మీ పెట్టె విజయవాడలోనే ఉంది, 15కి గానీ రాదు, రేపు రాత్రి మళ్లీ చెబుతాను. పది నిమిషాలకి జవాబొచ్చింది: "పర్లేదండీ, కనుమకి తింటారు. పెట్టె మీద నా పేరు కొంచెం పెద్దగా రాశారు కదా?"